వెనక సీటోళ్ళ టీవీ

మా చిన్న ఆడబిడ్డ వాళ్ళు ఈ మధ్యనే కారు కొన్నారు. కొన్న మూడో రోజే నాకు ఫోన్. "వదినా, మీ కార్ల టీవీ పెట్టిచ్చిన్రు గదా, ఎంతయింది? ఏది మంచిగుంటది? మా ఆయన ముంగట పదంగుళాలది పెట్టిస్తా అంటున్నడు" అని. పొయ్యి మీద పప్పు పొంగుతుంటే రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు ఇది. "ఆగు, తీరిగ్గా చెప్తా. అప్పటిదాకా ఎవ్వరికీ అడ్వాన్సు ఇయ్యొద్దు" అన్నాను. ఆమెకు చెప్పాలనుకున్నదంతా రాసుకుంటూ పోతే ఇంతయింది.

అసలు సంగతి ముందే చెప్తాను. కారులో టీవీ అనేది వెనక సీట్లో కూర్చునేవాళ్ళకు కావలసిన వస్తువు. కొనేది మాత్రం ముందు సీట్లో కూర్చునేవాళ్ళు. గొడవంతా అక్కడే ఉంది. మన ఇళ్ళల్లో వెనక సీటంటే ఎవరు? అత్తమ్మలు, అమ్మలు, పిల్లలు, ఒళ్ళో సంచులు పెట్టుకుని మనం. మా వాగనార్‌లో ఏసీ గాలి కూడా ముందువాళ్ళను చల్లబరిచి, మిగిలితే వెనక్కి వస్తుంది. టీవీ దగ్గరకు వచ్చేసరికి కూడా అదే లెక్క నడుస్తోంది.

మాకు కారు సరదా కోసం వచ్చింది కాదు. మా అత్తమ్మకు కీళ్ళవాతం. నెలనెలా రక్తపరీక్ష చేయించాలి, హైదరాబాదులో డాక్టరుకు చూపించాలి. మోత్కూర్ నుంచి ఆత్మకూరు మీదుగా రాయగిరి, అక్కడ వరంగల్ హైవే ఎక్కి భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ దాటుకుని ఉప్పల్. బండి బాగా నడిచిన రోజు రెండున్నర గంటలు. నారపల్లి దగ్గర ఆ పైవంతెన పనుల్లో ఇరుక్కుంటే దేవుడికే ఎరుక. బస్సు మెట్లు ఎక్కలేక ఆమె ఏడ్చిన రోజున, ఉన్న చిట్టీ ఎత్తి సెకండ్ హ్యాండ్‌లో ఈ బండి తీసుకున్నాం. కారులోనూ ఆమెకు సుఖం లేదు. కాలు ముడిచి కూర్చుంటే నొప్పి, గుంత వస్తే నొప్పి. అరగంటకోసారి "ఎంత దూరమున్నదే పిల్లా" అని అడుగుతుంది. నేను ఎన్ని కబుర్లు చెప్పినా రాయగిరి దాటేసరికి అయిపోతాయి.

"కార్ల టీవీ పెట్టిస్తే అమ్మకు టైం పాసయితది" అన్నది మా ఆయనే. మంచి మాటే. వాళ్ళమ్మ కోసమే అన్నారు, అందులో అబద్ధమేమీ లేదు. ఒకసారి ఆసుపత్రి పని అయ్యాక హైదరాబాదులోనే కారు సామాన్ల షాపుకు వెళ్ళాం. అత్తమ్మ కారులోనే కూర్చుంది, దిగలేక. షాపాయన మూడు రకాలు చూపించాడు. డాష్‌బోర్డులో ఉన్న పాత స్టీరియో తీసేసి పెట్టే తొమ్మిదంగుళాల ఆండ్రాయిడ్ తెర ఒకటి. ముందు సీట్ల తలదిండ్ల వెనక బిగించే చిన్న తెరల జత ఒకటి. కప్పుకు బిగించి కిందికి మడత విప్పుకునేది ఇంకొకటి. మొదటిది కెమెరాతో కలిపి 11,500 అన్నాడు. జత తెరలు 14,000. కప్పుది మా బండికి వద్దని తనే చెప్పాడు, కిందికి దింపితే అద్దంలో వెనక బండ్లు కనిపించవట. నిజాయితీగా చెప్పిన మాట అదొక్కటే.

"జతకు పద్నాలుగు వేలెందుకు, ముంగట పెద్దది పెట్టిస్తే అందరం చూడొచ్చు" అన్నారు మా ఆయన. నాకప్పుడు తర్కం సరిగ్గానే అనిపించింది. 2,500 మిగులుతాయనుకున్నాను. ఇంటి ఖర్చు రాసుకునే దాన్ని కదా, మిగిలేది ముందు కనబడింది.

షాపులో పనిచేసే పిల్లగాడు బిగిస్తూ బిగిస్తూ ఒక సన్న వైరు పట్టుకుని, "సార్, ఇది ఎర్త్ చేస్తున్నా. బండి నడుస్తున్నా బొమ్మ పడ్తది" అన్నాడు. మా ఆయన తలూపారు. అదేమిటో నాకు తెలియదు. తెలుసుకున్నాక నిద్ర పట్టలేదు. ఈ ముందు తెరలకు ఒక వైరు వస్తుంది, దాన్ని హ్యాండ్ బ్రేకుకు కలపాలి. బ్రేకు వేసి బండి ఆపి ఉన్నప్పుడే సినిమా ఆడాలి, వదిలితే తెర మీద మ్యాపు, పాటల పేర్లు తప్ప బొమ్మ రాకూడదు. తయారుచేసినవాళ్ళే పెట్టిన అడ్డుకట్ట అది. ఆ వైరు తీసుకుపోయి బండి ఇనుముకు కలిపేస్తే, బ్రేకు ఎప్పుడూ వేసే ఉందని తెర అనుకుంటుంది. నూటికి నూరు స్పీడులో పోతున్నా సినిమా ఆడుతుంది. ఇంత పెద్ద మోసం రెండు నిమిషాల పని. అడగకుండానే చేసి, సాయం చేసినట్టు చెప్పాడు.

అత్తమ్మకు ఆ తెర ఏం పనికొచ్చిందో చెప్తాను వినండి. ఆమె కూర్చునేది డ్రైవరు వెనక, కాలు కొంచెం చాపుకోవచ్చని. అక్కడి నుంచి చూస్తే సీటు, తలదిండు, కొడుకు భుజం. వాటి సందులోంచి తెర అంచు అరచేతంత కనబడుతుంది. "హీరోయిన్‌ది సగం మొకమే వస్తున్నదేందిరా" అని అడిగింది పాపం. వంగి వంగి చూస్తే మెడ నొప్పి, కడుపులో తిప్పడం. ముందు సీట్లో ఉన్న మా అబ్బాయికీ, నడిపే ఆయనకూ మాత్రం పూర్తి బొమ్మ.

పోయిన ఏప్రిల్‌లో ఆ రాత్రి వచ్చింది. ఆసుపత్రిలో ఆలస్యమై, బయలుదేరేసరికే దీపాలు పెట్టే వేళ దాటింది. ఐపీఎల్ మ్యాచ్ నడుస్తోంది. రాయగిరి దగ్గర హైవే దిగి మన రోడ్డు ఎక్కాం. యాసంగి కోతల కాలం మన రోడ్ల సంగతి చెప్పాలా? సగం రోడ్డు వడ్లే. ఆరబోసుకోవడానికి రైతులకు కల్లాలు ఎక్కడున్నాయి? నల్ల పట్టా పరిచి, వడ్లు పోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. రాత్రి కాపలాకు ఆ పక్కనే పడుకుంటారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా. ఆఖరి ఓవర్లు. మా అబ్బాయి "డాడీ, సిక్స్" అని అరిచాడు. ఆయన చూశారు.

60 స్పీడులో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు తెర వైపు చూస్తే 30 మీటర్ల పైన కళ్ళు మూసుకుని నడిపినట్టే. ఇది తర్వాత కాగితం మీద లెక్క వేసుకున్నాను. అప్పుడు మాత్రం ధన్‌మని శబ్దం, అత్తమ్మ నా మీద పడడం, ఆమె "అవ్వా" అన్న అరుపు. రాయి ఎక్కి ముందు టైరు పగిలింది. వడ్ల మీదికి జారి ఆగింది బండి. దిగి ఫోను లైటు వేస్తే, మూరెడు దూరంలో మంచం. మంచం మీద ముసలాయన లేచి కూర్చుని, దుప్పటి పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. తిట్టలేదు. "దెబ్బలేమన్న తాకినయా బిడ్డా" అని అడిగాడు.

మా ఆయన చేతులు వణుకుతుంటే స్టెపినీ మార్చడానికి ఆ ముసలాయనే సాయం పట్టాడు. చెదిరిన వడ్లు మా అబ్బాయీ నేనూ చేతులతో ఎత్తి పోశాం. ఇంటికొచ్చేదాకా ఎవ్వరం మాట్లాడలేదు. తెర నల్లగానే ఉంది.

మర్నాడు మాట్లాడాం. గట్టిగానే. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు, నడుపుతూ ఫోను చేత్తో పట్టుకుని వాడడాన్ని ప్రమాదకరంగా నడపడం కిందికి తెచ్చారు. "నా చేతిల ఫోన్ లేదు గదా" అన్నారాయన. చేతిలో లేదు, కళ్ళల్లో ఉంది. బ్రిటన్‌లోనైతే నడిపేవాడికి కనబడేలా టీవీ ఉండకూడదని 1986 నాటి నిబంధనల్లోనే రాసి పెట్టుకున్నారు. అంత దూరం ఎందుకు, మన వీడియో కోచ్ బస్సులు గుర్తున్నాయా? నా చిన్నప్పుడు తిరుపతికి వెళ్ళిన బస్సు అద్దం మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది. డ్రైవరు వెనక, పైన, ఒక పెట్టెలో టీవీ. క్లీనరు తాళం తీసి క్యాసెట్ వేసేవాడు. రాత్రంతా ఒకటే గోల, నిద్ర ఉండేది కాదు, వాంతులు చేసుకునేవాళ్ళు చేసుకునేవాళ్ళు. అయినా ఒక్కటి సరిగ్గా చేశారు. టీవీ మొహం మనవైపు ఉండేది, వీపు డ్రైవరు వైపు. బస్సులో టీవీ ఎవరి కోసమో వాళ్ళకు తెలుసు. ఇప్పటి కార్లకు ఆ సోయి లేకుండా పోయింది.

మా ఆయన మొండివాడు కాదు. రెండు రోజులు మౌనంగా ఉండి మూడో రోజు తనే బండి తీసుకుపోయి, ఆ వైరు హ్యాండ్ బ్రేకుకు కలిపించుకొచ్చారు. కలపడానికి మళ్ళీ 300 తీసుకున్నారు, విప్పడం ఉచితం, కట్టడానికి డబ్బులు. తెర మాత్రం ఉంచాం. వెనక్కి తీసేటప్పుడు కెమెరా బాగా పనికొస్తుంది. ఇంటి ముందు ఆడుకునే పిల్లలుంటారు కదా. దారి చూపే మ్యాపుకూ మంచిదే. దాని పని అంతవరకే.

ఇక అత్తమ్మ సంగతి. ఆ తలదిండ్ల జత తెరలు కొందామని మళ్ళీ షాపుకు పోబోతుంటే బీరువాలో చీరల కింద ట్యాబు కనబడింది. కరోనా అప్పుడు, 2020లో, మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసుల కోసం అప్పుచేసి కొన్నది. బడులు తెరిచాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఛార్జింగు పెడితే లేచింది. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, కొనేముందు బీరువా వెతకండి. సీటు తలదిండుకు ఉండే రెండు ఇనుప కడ్డీల మధ్య బిగించే స్టాండు ఆన్‌లైన్‌లో 450కి వచ్చింది. సిగరెట్ లైటరు రంధ్రంలో పెట్టే ఛార్జరు 350. పొడుగు వైరు 150. మొత్తం 950. పద్నాలుగు వేలు ఎక్కడ, ఇది ఎక్కడ.

ఆడబిడ్డకు చెప్పాల్సిన జాగ్రత్తలు ఇక్కడే ఉన్నాయి. మీ కారు తలదిండు సీటుతో కలిసిపోయి ఉంటే కడ్డీలు ఉండవు, ఆ స్టాండు పట్టదు. ముందు అది చూసుకో. స్టాండు చవకని ప్లాస్టిక్‌ది తీసుకోవద్దు, మర ఉన్నదే తీసుకో. పెద్ద ట్యాబు అర కిలో దాకా ఉంటుంది. గట్టి బ్రేకు పడితే అది ఊడి వచ్చి పడేది ముసలి మొహం మీదో పిల్ల మొహం మీదో. పది రూపాయల వెల్క్రో పట్టీ ఒకటి అడ్డంగా కూడా కట్టాను నేను. వైర్లు కోసి అతికించే పనైతే అసలు ఒప్పుకోవద్దు. కొత్త బండికి వారంటీ పోతుంది, పాత బండికి ఫ్యూజు పోతుంది, అతుకు దగ్గర వేడెక్కితే ఇంకా పెద్దదే పోతుంది. మీ మామయ్యకు కళ్ళు సరిగా కనబడవు కదా, ఆయన కోసమైతే పెద్ద తెర కన్నా పాటలు చాలు.

వెనక సీటు బెల్టు కూడా పెట్టుకోవాలి. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు, అంత పెద్ద కారులో వెనక కూర్చుని బెల్టు పెట్టుకోలేదని పేపర్లన్నీ రాశాయి. వెనకవాళ్ళకూ బెల్టు తప్పనిసరి అనే సంగతి మా వీధిలో సగం మందికి అప్పుడే తెలిసింది. ఎదురుగా తలదిండుకు గట్టి వస్తువు బిగించాక అది మరీ ముఖ్యం. అత్తమ్మ మొదట "మెడకు ఉరేసినట్టుంది" అన్నది. బెల్టు పెడితేనే బొమ్మ పెడతానన్నాను. ఇప్పుడు ఎక్కగానే తనే లాక్కుంటుంది.

కడుపులో తిప్పడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తుడిచేది మనమే. చెవి లోపల ఉండే భాగం బండి కదులుతోందని చెప్తుంది, కళ్ళేమో కదలని తెరను చూస్తుంటాయి. రెంటికీ పొత్తు కుదరక వాంతి. ఒళ్ళో పెట్టుకుని తల దించి చూస్తే ఇంకా ఎక్కువ. కళ్ళకు ఎదురుగా ఎత్తులో ఉంటే, పక్కన కిటికీలోంచి దూరం కూడా కనబడుతుంటే కొంత నయం. అందుకే మోత్కూర్ నుంచి రాయగిరి దాకా మా బండిలో బొమ్మ ఉండదు. మలుపులు, గుంతలు, ఊరూరికీ స్పీడు బ్రేకర్లు. ఆ దారి కబుర్లకు. హైవే ఎక్కాక పెడతాను. అరగంటకోసారి ఆపి బయటకు చూడమంటాను. నిమ్మకాయ సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

సినిమాలు ముందు రోజు రాత్రే ఇంట్లో వైఫైలో దింపుకుంటాను. దారిలో సిగ్నలు నమ్ముకుంటే బొమ్మ మధ్యలో ఆగి గుండ్రం తిరుగుతుంది. అత్తమ్మ "కరెంటు పోయిందా" అంటుంది. శబ్దం ట్యాబులోంచే, చిన్నగా పెడతాం. ఆమె చెవుల్లో ఏమీ పెట్టుకోదు. మా అబ్బాయి ఇయర్ ఫోన్లు పెట్టుకుంటాడు కానీ వాడికో హద్దు పెట్టాను. పిల్లలకు 75 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. డెసిబెల్స్ కొలవడం నాకు రాదు. నేను పిలిస్తే వాడికి వినబడాలి, అదే నా కొలత. ఆడబిడ్డ కూతురికి మూడేళ్ళు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజంతా కలిపి గంటకు మించి తెర చూడొద్దని అదే సంస్థ 2019లో చెప్పింది. హైదరాబాదు దాకా దానికి కార్టూన్లు పెడతానంటే నేనొప్పుకోను. అది అలిగితే దాని అలక తట్టుకోవాలి మరి.

ఎండ ఒకటి. మన నల్లగొండ దిక్కు ఎండల్లో ఆపిన కారు పొయ్యే. ట్యాబు అందులో వదిలేస్తే బ్యాటరీ ఉబ్బుతుంది. దిగేటప్పుడు తీసి సంచిలో వేసుకుంటాను. దీంతో ఇంకో లాభం నేను ముందు అనుకోనిది. డాక్టరు పిలిచేదాకా రెండు గంటలు ఆసుపత్రిలో కూర్చోవాలి కదా, ట్యాబు అక్కడికీ వస్తుంది. బిగించిన తెర రాదు.

"అసలు టీవీ ఎందుకు, మాట్లాడుకుంటూ పోవచ్చు కదా" అని మా అన్నయ్య అంటాడు. ఆయన ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చుంటాడు. కాలు నొప్పితో రెండున్నర గంటలు కదలకుండా కూర్చున్న మనిషికి కబుర్లు ఒక హద్దు దాకానే పనిచేస్తాయి. పైగా ఆ కబుర్లు చెప్పే పని ఎవరిది? మనదే. నేనూ తెల్లారుజామున లేచి, వండి, టిఫిన్ కట్టి, రిపోర్టులు సర్దుకుని బండెక్కినదాన్నే. ఆమె సినిమా చూస్తుంటే నాకు ఘట్‌కేసర్ దాకా కునుకు దొరుకుతుంది. ఆ 950లో నాకు వచ్చిన వాటా అది.

అత్తమ్మ ఎక్కువగా అడిగేది మాయాబజార్. 1957లో వచ్చిన సినిమా. ఆమె చిన్నతనంలో టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని చూసిందట. 2010లో రంగులు వేసిన బొమ్మ పెడితే, "ఇది గాదు, నల్లదే పెట్టు" అన్నది. అందులో శశిరేఖకు ఇచ్చే పెట్టె గుర్తుందా, ప్రియదర్శిని? మూత తెరిస్తే చూసినవాళ్ళకు ఇష్టమైనది కనబడుతుంది. "గప్పుడే ఉన్నది గదనే ట్యాబు" అంటుంది. సినిమా మూడు గంటల పైన, దారి రెండున్నర. ఉప్పల్ వచ్చేసరికి పెళ్ళి వంటలు దాటి ఉండదు. మిగిలింది తిరుగుప్రయాణంలో. అప్పటికి సూది మందుతో మగతగా ఉంటుంది, సగం నిద్రలో చూస్తుంది. శశిరేఖా అభిమన్యుల పెళ్ళి ఆమె మా బండిలో మెలకువగా చూసింది ఒక్కసారే.

"ఎంత దూరమున్నదే పిల్లా" అని అడగడం తగ్గింది. అప్పుడప్పుడు బీబీనగర్ దగ్గరే "ఆగుమను కొంచెం, ఈ ముక్క అయినంక పోదాం" అంటుంది. మా ఆయన వెనక్కి తిరిగి చూడకుండానే నవ్వుతారు.

ఇదంతా నిన్న సాయంత్రం ఆడబిడ్డకు ఫోన్‌లో చదివి వినిపించాను. మొత్తం విని, "నువ్వు చెప్పేది సరే వదినా, గానీ మా ఆయన ఇయ్యాల్నే షాపోనికి రెండు వేలు అడ్వాన్స్ ఇచ్చిండు" అన్నది.

"అన్న ఇంట్లనే ఉన్నడా? ఫోన్ ఆయనకియ్యి" అన్నాను.